ముందుగా వేసిన మేత

పవిత్ర వారంలో బుధవారం మా ఇంట్లో పొయ్యి ఆరదు. గురువారం మధ్యాహ్నం నుంచి శనివారం పొద్దుటిదాకా కత్తి పట్టకూడదు, చీపురు పట్టకూడదు, సూదిలో దారం ఎక్కించకూడదు, మట్టిలో గునపం దించకూడదు. అందుకని ఆ రెండు రోజులూ తినాల్సినదంతా ముందే వండి పెట్టుకోవాలి. ఆ బుధవారం నేను మొక్కజొన్న రొట్టెలు కాల్చి గుడ్డలో చుట్టాను. చిక్కుళ్ళు ఉడకబెట్టాను. ఎండుచేప నానబెట్టి కూర చేశాను. బొప్పాయి ముక్కలు బెల్లం పాకంలో వేసి దించాను. మా అత్తగారు బెర్సబే గుమ్మం పక్కన పీట వేసుకుని కూర్చుని, నేను ఒక్కో గిన్నె మీద మూత పెట్టినప్పుడల్లా ఒక్కో వేలు మడుస్తోంది.

"నీళ్ళు?"

"రెండు కుండలూ నింపాను అత్తయ్యా."

"కట్టెలు?"

"చీల్చి పెట్టాను."

"ఫనోర్ బట్టలు?"

"ఉతికాను. ఆరలేదు. ఎండేదీ?"

నాలుగు రోజులుగా కొండ మీంచి మబ్బు దిగడం లేదు. కాఫీ తోటల మీద అలాగే కూర్చుని ఉంది.

"మరి చేపలకి?" అంది అత్తగారు.

చేపల సంగతి నేను మరిచేపోయాను. పవిత్ర శుక్రవారం చేపలకి మేత వేయడం పని కిందికి వస్తుందా రాదా అన్నది మా ఇంట్లో పాత తగాదా. కోళ్ళకి గింజలు చల్లడం పని కాదు, ఎందుకంటే అవి అరుస్తాయి, ఆ అరుపు పడలేక చల్లుతాం. చేపలు అరవవు కాబట్టి వాటికి వేయడం పనే. ఇది అత్తగారి వాదం. దాన్ని నెగ్గినవాళ్ళు లేరు.

"ముందే వేసెయ్యి. మనకి వండి పెట్టుకోలేదూ? వాటికీ అంతే."

ఆ పొద్దు నాకది సబబుగానే తోచింది. బుధవారం సాయంత్రం ఒక డబ్బా, గురువారం పొద్దున రెండు డబ్బాలు, మూడు రోజుల మేత గుంటలో కుమ్మరించాను. చేపలు తిన్నంత తిన్నాయి. మిగిలింది నీళ్ళమీద కాసేపు తేలి, ఉబ్బి, అడుక్కి దిగింది. కుండలో పెట్టిన అన్నం రెండు రోజులు ఉన్నట్టు నీళ్ళలో వేసిన మేత ఉండదని నాకు తెలియనిది కాదు. పన్నెండేళ్ళుగా ఆ గుంట చూస్తున్నదాన్ని. కానీ బుధవారం నాడు మా ఊళ్ళో ఆడవాళ్ళ బుర్రంతా మూతలూ గిన్నెలే.

ఆ గుంట నా మొగుడు ఫనోర్ తవ్వింది. ఇంటి వెనక, వరండా మెట్లకి పది అడుగుల దూరంలో, రెండు గదులంత పొడవు, నడుం పైదాకా లోతు. వాగులోంచి సన్నటి గొట్టం వేసి నీళ్ళు తెచ్చాడు. అందులో ఎర్ర తిలాపియా చేపలు వదిలాడు. అప్పట్లో అతను చెక్కబస్సు నడిపేవాడు. గర్సోన్ సంతకి మనుషుల్నీ, కాఫీ బస్తాల్నీ, మేకల్నీ ఒకే బండిలో ఎక్కించి, దారంతా అందర్నీ నవ్విస్తూ తీసుకెళ్ళేవాడు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ, కుడి కాలూ పోయాయి. మాట రెండు మూడు ముక్కలకి మించి రాదు.

ఇప్పుడతను పొద్దున్నే లేచేది ఆ చేపల కోసం. దాచేదేముంది, నా కోసం కాదు, వాళ్ళమ్మ కోసం కాదు. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి వరండా చివరికి నెట్టి, ఒళ్ళో మేత డబ్బా పెడితే ఎడం చేత్తో విసురుతాడు. చెయ్యి ఎటు తిరిగితే చేపలు అటు పరిగెడతాయి. అతని మాట ఇంకా వినేవి అవే. పోయినేడు జనవరిలో ఒకసారి గుంట ఎండగట్టి శుభ్రం చేయించాను. ఆ పది రోజులూ మంచం దిగనని మొండికేశాడు. వీపు మీద పుండు పడింది. చేపపిల్లల్ని మళ్ళీ వదిలాకే లేచాడు. ఆ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. చేపలు లేకపోతే ఈ ఇంట్లో ఏం జరుగుతుందో నాకు అప్పుడే తెలిసింది.

అందుకే పాచిని నేను పసిపిల్ల జ్వరం చూసినట్టు చూసేదాన్ని. ఒడ్డున పీచులా పెరిగే నాచు సంగతి తేలిక. శనివారం శనివారం వెదురు దంతెతో లాగి అరటి మొక్కల మొదట్లో వేస్తాను. అసలు భయం నీళ్ళలో కలిసిపోయే పచ్చ పాచితో. అది దంతెకి రాదు. కొంచెం ఉండాలి, చేపకి సగం తిండి అదే. ఎండ ఉన్నంతసేపు నీళ్ళకి ప్రాణవాయువు ఇస్తుంది. వెలుగు పోయాక తానే తాగేస్తుంది. ముదిరితే తెల్లారేసరికి చేపకి మిగలదు. ముదిరిందో లేదో చెయ్యి చెబుతుంది. మోచెయ్యి మునిగేదాకా ముంచినా వేళ్ళు కనబడుతుంటే ఫరవాలేదు. ఆలోపే వేళ్ళు మాయమైతే మేత ఆపి కొత్త నీళ్ళు పెట్టాలి.

గురువారం పొద్దున మేత కుమ్మరించాక చెయ్యి ముంచాను. నీళ్ళు బఠానీ చారులా ఉన్నాయి.

"ఎంత?" అన్నాడు ఫనోర్ వరండాలోంచి.

"మోచేతికి నాలుగు వేళ్ళు తక్కువ."

"నీ చెయ్యి... పొట్టి."

"అయితే నీదే పెట్టు మరి," అన్నాను.

నోరు జారింది. ఒళ్ళో చచ్చుపడి ఉన్న కుడి చేతి వైపు చూసుకున్నాడు. తర్వాత సగం మూతితో నవ్వాడు.

"అదీ... పొట్టే. ఇప్పుడు."

ఆ నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చింది, అనవసరంగా. నాలుగు వేళ్ళేగా అనుకున్నాను. శనివారం చూద్దాంలే అనుకున్నాను. గొట్టంలో నీళ్ళు సన్నగా వస్తున్నాయి. వాగు దగ్గర మూతికి ఆకులు అడ్డం పడి ఉంటాయి. ఎక్కి తీసి రావాలంటే గంట. మధ్యాహ్నం దగ్గరపడుతోంది, ఫనోర్ బట్టలు ఇంకా ఆరలేదు, అతనికి స్నానం కాలేదు. చర్చిలో గంటలు ఆగిపోయి, వాటికి బదులు చెక్క గిలక్కాయ మోగేసరికి దంతె తీసి చూరులో పెట్టాను. గునపం, కొడవలి, చీపురు అన్నీ అక్కడే పెట్టాను.

శుక్రవారం తెల్లవారుతూనే ఫనోర్ కేకకి లేచాను. మాట కాదు, ఒట్టి కేక. కిటికీ పక్కనే అతని మంచం, అక్కణ్ణించి గుంట కనబడుతుంది.

పరిగెత్తాను. ఇంకా మసక వెలుతురే. నీళ్ళ మీద వాన చినుకులు పడుతున్నాయనుకున్నాను. వాన కాదు. చేపలు. గుంట నిండా నోళ్ళు. పైకి తేలి, నీళ్ళ అంచుకి మూతులు పెట్టి తెరిచి మూస్తున్నాయి. చప్పుడు కూడా వినబడుతోంది, చిన్నగా, ముద్దులు పెట్టుకున్నట్టు. నేను దగ్గరికి వెళ్ళినా బెదరలేదు. నీళ్ళు రాత్రికి రాత్రి రంగు మారాయి. పచ్చ పోయి చెరుకు గానుగ దగ్గరి మురుగులా అయ్యాయి. పాచి చచ్చిపోతోంది, అడుగున మేత కుళ్ళుతోంది. రెండూ కలిసి నీళ్ళలో ఉన్న కాస్తంతా లాగేస్తున్నాయి.

ఫనోర్‌ని కుర్చీలోకి ఎత్తి వరండాలోకి తెచ్చాను. ఎడం చెయ్యి గాల్లో ఊపుతున్నాడు.

"నీళ్ళు... కొట్టు. కొట్టు."

బకెట్టు తీసుకుని ఒడ్డునే నిలబడి ముంచి పైకెత్తి పోయడం మొదలుపెట్టాను. ఎంత ఎత్తు నుంచి పోస్తే అంత గాలి కలుస్తుంది. పోసిన చోటికి చేపలు గుంపుగా వచ్చాయి. ఒక బకెట్టు ఎంత, గుంట ఎంత! అత్తగారు శాలువా కప్పుకుని, జపమాల పట్టుకుని వచ్చింది.

"ఏమిటది పొద్దున్నే? ఈ రోజు?"

"చేపలు పోతున్నాయి అత్తయ్యా."

"బకెట్టు ఎత్తడం పని కాదూ?"

"తాగే నీళ్ళకి ఎత్తుతాం కదా."

"తాగేది నువ్వా?"

"అవి తాగుతున్నాయి," అన్నాను. చేతులు లాగేస్తున్నాయి. "కాసేపు మీ దేవుణ్ణి అటు తిరగమనండి."

అత్తగారు శిలువ గుర్తు వేసుకుంది గానీ నన్ను ఆపలేదు. గుంట వైపు చూసి, కొడుకు వైపు చూసింది. ఆవిడకీ తెలుసు, ఆ పుండు కడిగిన రోజులు ఆవిడా చూసింది. వంగి వాగు గొట్టం కొస పట్టుకుని నీళ్ళు పడే చోటు పైకి ఎత్తింది. అది పని కాదని తనకి తానే గొణుక్కుంది.

కంచె అవతల పక్కింటి ఆర్సేసియో లేచాడు. అతనికి తోట తడిపే పెట్రోలు మోటారు ఉంది. అరగంట నడిస్తే చాలు, గుంట నీళ్ళు తిరగబడి లేస్తాయి. నా వాలకం చూసి కంచె దగ్గరికి వచ్చాడు, చేతిలో నల్ల కాఫీ గ్లాసు.

"ఏమిటి ఎదీల్మా వదినా, బాప్టిజం ఇస్తున్నావా చేపలకి?"

"అన్నా, మోటారు ఇవ్వు. అరగంట చాలు."

అతని మొహం మారిపోయింది.

"ఇవ్వననడం లేదమ్మా. దానికి తాడు లాగాలి. ఈ రోజు తాడు లాగితే మా అమ్మ గోరీలోంచి లేచొచ్చి చెంప పగలగొడుతుంది. రేపు తొమ్మిదింటికల్లా నేనే మోసుకొస్తా."

"రేపు తొమ్మిదింటికి వాటి ఆత్మశాంతికి ప్రార్థన చదవడానికి రా."

"అలా అనకు వదినా."

"పోనీ కంచె మీంచి అందివ్వు. తాడు నేనే లాగుతా. పాపం నాది."

"ఇచ్చినోడికీ సగం వస్తుంది," అన్నాడు. కాఫీ చల్లారిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు, కదల్లేదు, ఇవ్వలేదు. చెడ్డవాడు కాదు. ఫనోర్ పడిపోయిన రోజు ఆస్పత్రికి మోసుకెళ్ళినవాడతనే. అందుకే భయపడ్డాడేమో.

వెల్లకిలా తిరిగిన మొదటి చేపని అప్పుడు చూశాను. తర్వాత రెండు. పెద్దవే ముందు పోతాయి. పెద్ద ఒంటికి ఎక్కువ గాలి కావాలి. ఫనోర్ పేరుపెట్టి పిలిచే చేప ఒకటుంది, రెక్క మీద నల్ల మచ్చ ఉన్నది. దానికి తన బస్సు పేరే పెట్టుకున్నాడు, రాణి అని. అది ఒడ్డుకి వచ్చి మట్టికి మూతి ఆనించి పడుకుంది.

చేయాల్సింది ఒకటే మిగిలింది. గుంటకి అవతలి మూల, నీళ్ళ లోపల, తూము గొట్టం ఉంది. దాని మెడ పక్కకి వంచితే అడుగు నీళ్ళు, ఆ కుళ్ళంతా, బయటికి పోతాయి. ఒడ్డున నిలబడితే చెయ్యి అందదు. దిగాలి. దిగి, మెడ వంచి, అలాగే లోపల నిలబడి చేతులతో నీళ్ళు చిలకాలి.

చెప్పులు విప్పాను.

"ఎదీల్మా." అత్తగారు గొట్టం వదిలేసింది. "వద్దు."

"నడుం లోతే అత్తయ్యా."

"లోతు ఎవరడిగారు? ఈ రోజు నీళ్ళలో దిగకూడదు. నీకు మీ అమ్మ చెప్పలేదూ?"

చెప్పింది. ఇక్కడ పుట్టిన ప్రతి పిల్లకీ చెబుతారు, పవిత్ర శుక్రవారం నీళ్ళలో దిగిన మనిషి చేప అయిపోతాడని. చిన్నప్పుడు ఆ రోజు మొహం కడుక్కోవడానికి కూడా జంకేవాళ్ళం.

"అది పిల్లల్ని భయపెట్టే మాట."

"పిల్లల్నా?" అత్తగారు వరండా వైపు చెయ్యి చాచింది. "చూడు. కాలు లేదు, చెయ్యి లేదు, నోట్లోంచి మాట లేదు. చేప అంటే ఇంకేమిటే? నాకున్నది ఒక్క కొడుకు. వాణ్ణి ఈ నీళ్ళకి ఇచ్చాను. మంచి చెబితే వినలేదు, మొండివాడు, తన మొండితనానికి తనే పోయాడు."

తన మొండితనానికి తనే. రెండేళ్ళుగా ఈ మాట ఆవిడ అంటూనే ఉంది. నేను ఒక్కసారి కూడా కాదనలేదు.

కాదు. రెండేళ్ళ కిందటి పవిత్ర శుక్రవారం గుంటంతా నాచు పట్టి, కుళ్ళి, కంపు వంటింట్లోకి వస్తోంది. మర్నాడు మా అక్కావాళ్ళు భోజనానికి వస్తారు. ఫనోర్ బల్ల దగ్గర కూర్చుని ఎప్పటిలాగే ఆచారాల మీద జోకులు వేస్తున్నాడు, సూదిలో దారం ఎక్కిస్తే దేవుడి కంట్లో గుచ్చుకుంటుందిట అని. నాకు చిరాకెత్తింది. "నమ్మకం లేదంటావు కదా, మరి దిగి ఆ నాచు తియ్యి. మాటల్లోనేనా మగతనం? ఈ కంపులో మా అక్కకి ఎలా వడ్డించను?" అన్నాను. నవ్వుతూ లేచాడు. దంతె తీసుకుని దిగాడు. అరగంట లాగాడు. పైకొచ్చి మెట్టు మీద కూర్చుని పాదాలు తుడుచుకుంటూ పక్కకి ఒరిగిపోయాడు. అప్పుడు అత్తగారు చర్చిలో ఉంది. నా మాట విన్నవాడు ఒక్కడే. అతను ఆ తర్వాత ఎవరికీ ఏమీ చెప్పగలిగే స్థితిలో లేడు.

రక్తపోటు అని డాక్టరు చెప్పాడు. ఏళ్ళ తరబడి ఉండి ఉంటుందన్నాడు. నేను ఆ మాటనే పట్టుకుని బతుకుతున్నాను.

పావడా అంచు నడుం దగ్గర దోపుకుని ఒక కాలు నీళ్ళలో పెట్టాను.

"వద్దు!" అన్నాడు ఫనోర్.

వెనక్కి తిరిగాను. కుర్చీలోంచి ముందుకి వంగి, ఎడం చేత్తో కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. మొహం చెమటలు పట్టింది.

"దిగకు... ఎదీ. నేను... దిగాను."

"నువ్వూ నమ్ముతున్నావా?" అన్నాను. "నువ్వా? దేవుడి కంట్లో సూది అని నవ్వినవాడివి?"

నాకేసి చూశాడు. ఆ చూపులో నా మీద ప్రేమ ఉంది, భయం ఉంది. అవి నేను చూడకపోలేదు. కానీ నన్ను పట్టుకున్నది వేరే సంగతి. అతను నమ్ముతున్నాడంటే, ఈ నీళ్ళ వల్లే తను ఇలా అయ్యానని నమ్ముతున్నాడన్నమాట. నీళ్ళలోకి పంపింది ఎవరో అతనికి తెలుసు. రెండేళ్ళుగా ప్రతి పొద్దునా నేను స్నానం చేయించి, గడ్డం గీసి, కుర్చీలో కూర్చోబెడుతుంటే, అతను నన్ను అలా అనుకుంటూ చేయించుకున్నాడు.

దిగాను. రెండో కాలు కూడా పెట్టి, నడుందాకా దిగాను. చేపల కోసమే దిగానని ఎవరికైనా చెప్పగలను. నిజానికి అప్పుడు నాకు చేపలు గుర్తులేవు. నాకేం కాకూడదు. నాకేమీ కాకపోతే ఇవి ఒట్టి నీళ్ళు, ఆ రోజు నేనన్నది ఒట్టి మాట. అంతే కావాలి నాకు.

అడుగు బురద జిగటగా, వెచ్చగా ఉంది. నేను వేసిన మేతే అది, కాలి వేళ్ళ మధ్యకి వచ్చింది. కుళ్ళిన గుడ్డు కంపు. చేపలు నా పొట్టకి తగులుతున్నాయి, తప్పుకోవడం లేదు, కొన్ని అలాగే నా మీద ఒరిగాయి. మూలకి నడిచి, గొంతు దాకా వంగి గొట్టం మెడ దొరకబుచ్చుకున్నాను. నాచు పట్టి జారుతోంది. పావడా అంచు చుట్టి రెండు చేతులా లాగితే మూడోసారికి వంగింది. కట్ట అవతల కాలవలోకి నల్లటి నీళ్ళు దూకాయి. అప్పుడు చేతులతో నీళ్ళు కొట్టడం మొదలుపెట్టాను. భుజాలు పడిపోయేదాకా కొట్టాను. ఒడ్డున అత్తగారు పెద్ద గొంతుతో జపం చదువుతోంది. ఫనోర్ కళ్ళు మూసుకున్నాడు.

మబ్బు చీల్చుకుని కాస్త ఎండ వచ్చేసరికి తొమ్మిదయింది. మిగిలిన చేపలు ఒక్కొక్కటే కిందికి దిగిపోయాయి. పైన తేలుతున్నవి తేలుతూనే ఉన్నాయి, తెల్లటి పొట్టలు పైకి పెట్టి. మూడింట రెండొంతులు పోయాయి. రాణి కూడా.

బయటికి వచ్చాక మెట్టు మీద కూర్చుని పాదాలు తుడుచుకున్నాను. అతను కూర్చున్న మెట్టే. చేతులు చూసుకున్నాను, వేళ్ళు కదిపాను. పదీ కదిలాయి. ఫనోర్ నన్నే చూస్తున్నాడు.

"నీకేం... కాలేదు," అన్నాడు.

సంతోషించాడో, నిష్ఠూరంగా అన్నాడో నాకు తెలియలేదు. తనని లోపలికి తీసుకెళ్ళమని సైగ చేశాడు. మంచం మీద పడుకోబెట్టగానే కిటికీ వైపు వీపు పెట్టి గోడవైపు తిరిగాడు.

చచ్చిన చేపల్ని ఏం చేయాలి? పాతిపెట్టాలంటే గునపం దించాలి. ఈ రోజు మట్టిని పొడిస్తే దేవుడి ఒంటిని పొడిచినట్టు. కోసి ఉప్పు వేద్దామన్నా కత్తి పట్టకూడదు. ఊరంతా చేప కూర తినే రోజు. మా గుంటలో చేపలు మాత్రం అలా తేలుతూ కుళ్ళాయి. చేత్తో ఏరి ఒడ్డున గుట్టగా పోశాను. మధ్యాహ్నానికి రాబందులు వచ్చి కంచె మీద వరసగా కూర్చున్నాయి. వాటికి పవిత్ర శుక్రవారం లేదు. అత్తగారూ నేనూ చెరో చింకి గోనెపట్టా పట్టుకుని మెట్టు మీద కూర్చుని తోలుతూ ఉన్నాం. పొద్దుటి నుంచీ ఎవరం చల్లారిన రొట్టె కూడా ముట్టలేదు.

కింద రోడ్డు మీద ఊరేగింపు వెళ్తోంది. చెక్క గిలక్కాయ చప్పుడు ఆగి ఆగి వినబడుతోంది. ఆవిడ లేచి నిలబడి శిలువ గుర్తు వేసుకుని మళ్ళీ కూర్చుంది.

"అత్తయ్యా," అన్నాను. "ఆ రోజు ఫనోర్ తనంతట తను దిగలేదు. నేను దిగమన్నాను. ఎగతాళి చేసి దింపాను."

ఆవిడ రాబందు వైపు పట్టా విదిలించింది.

"తెలుసు."

"ఎలా తెలుసు? మీరు చర్చిలో కదా ఉన్నారు."

"మోకాలు నొప్పని సగం దారిలోంచి వచ్చేశాను. పొయ్యి గదిలో కూర్చున్నాను. నువ్వు అరిచావు, నేను వచ్చాను. చర్చి నుంచి అంత తొందరగా ఎగిరొచ్చాననుకున్నావా?"

గుంటలో తూము ఇంకా కారుతోంది.

"రెండేళ్ళు... రోజూ నా ముందే వాడి మొండితనం అన్నారు."

"అన్నాను."

"నన్ను తిట్టొచ్చు కదా. జుట్టు పట్టుకుని బయటికి గెంటొచ్చు కదా."

"గెంటితే వాడికి స్నానం ఎవరు చేయిస్తారు?" అంది. గొంతులో కోపం లేదు. చిక్కుళ్ళు ఉడికాయా అని అడిగినట్టు అంది. "నాకు డెబ్భై ఆరు. వాణ్ణి ఎత్తలేను. పక్కకి తిప్పలేను. తిట్టించుకున్న మనిషి ఏడుస్తుంది, బాకీ తీరిపోయిందనుకుంటుంది, ఒకరోజు మూట కట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళిపోతుంది. లోపల దాచుకున్న మనిషి ఎక్కడికీ పోదు. నువ్వు వాడి వీపు కడిగినట్టు ఏ నర్సు కడుగుతుంది? చూశాను కదా. అందుకని ఊరుకున్నాను."

"నేను వెళ్ళిపోతానని ఎలా అనుకున్నారు?"

"ఉంటావని ఎలా అనుకోమంటావు?" అంది. "ఇప్పుడు చెప్పేశావు. ఇంక నీ ఇష్టం," అని మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి లోపలికి వెళ్ళిపోయింది. రాబందుల్ని నేనొక్కదాన్నే తోలాను, అవి తోటలోకి పోయి చెట్లెక్కేదాకా.

శనివారం పొద్దున్నే చర్చి గంటలు మోగీ మోగకముందే అరటి మొక్కల వెనక గొయ్యి తవ్వాను. తొమ్మిదింటికి ఆర్సేసియో మోటారు భుజాన వేసుకుని మాట ప్రకారం వచ్చాడు. గొయ్యి చూశాడు. మోటారు కింద పెట్టి, పార తీసుకుని మట్టి లాగాడు. తర్వాత వాగు దాకా ఎక్కి గొట్టం మూతికి అడ్డంపడ్డ ఆకులు తీసి వచ్చాడు. నేను దంతె తీసుకుని ఒడ్డు వెంట నాచు లాగడం మొదలుపెట్టాను. నీళ్ళు పలచబడ్డాయి. మిగిలిన చేపలు ఎక్కడో అడుగున ఉన్నాయి, కనబడ్డం లేదు.

ఫనోర్‌ని లేపి కుర్చీలో కూర్చోబెట్టే వేళ దాటిపోతోంది. పిలిస్తే ఇటు తిరగలేదు. గోడవైపే ఉన్నాడు. దంతె ఆనించి వెళ్దామనుకుంటూ కిటికీలోంచి లోపలికి చూశాను.

అత్తగారు మంచం అంచున కూర్చుని ఉంది. బేసిన్‌లో గుడ్డ ముంచి పిండి కొడుకు మెడ తుడుస్తోంది. నీళ్ళు దుప్పటి మీద కారుతున్నాయి. పక్కకి తిప్పడానికి భుజం కింద రెండు చేతులూ పెట్టింది, తిప్పలేకపోయింది, మళ్ళీ పెట్టింది. రెండేళ్ళలో ఆ పని ఆవిడ ఎప్పుడూ చేయలేదు. నేను వెళ్ళిపోతే ఎలా చేయాలో నేర్చుకుంటోంది. ఉతికిన చొక్కా తీసి చచ్చుపడిన చెయ్యి ముందు దూర్చబోయింది. అలా కాదు, ఆ చెయ్యే ముందు అన్నది నిజమే, కానీ మోచెయ్యి కింద పట్టుకోవాలి, లేకపోతే నొప్పెడుతుంది. ఫనోర్ పళ్ళు బిగించి ఊరుకున్నాడు. బొత్తాలు పెట్టింది. ఒకటి వదిలేసి పెట్టింది, చొక్కా ఒక పక్క పైకి పోయింది.

నేనెక్కడికీ పోవడం లేదు అని ఆవిడతో చెప్పాలి. కిటికీలోంచే చెప్పొచ్చు, నాలుగు అంగల దూరం. చెప్పలేదు. అది నిజమో కాదో నాకే తెలియలేదు.

దంతె మళ్ళీ నీళ్ళలోకి విసిరాను. బరువుగా నాచు తగిలింది. లాగాను.